చూశాం కదా అంటే సరిపోదు

కృష్ణపట్నం నుంచి జువ్వలదిన్నె దాకా ఈ తీరం వెంట రొయ్యల గుంటలున్న ఏ ఊరికి పోయినా డీజిల్ ఊసు లేకుండా మాట ముందుకు సాగదు. రాత్రిపూట కరెంటు పోతే ఏరేటర్ల చక్రాలు ఆగిపోతాయి. కాసేపట్లోనే నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది. తెల్లారేలోగా రొయ్యలు అంచులకు చేరి తేలడం మొదలవుతుంది, నెలల తరబడి పెట్టిన పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. ఆ భయంతోనే రైతు గట్టు మీద రేకుల షెడ్డు వేసి జనరేటరు పెట్టుకుంటాడు. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటే, చిన్న జనరేటరు దాన్ని కరెంటుగా మార్చి ఇచ్చేది 3 యూనిట్లకు అటూ ఇటూ. మిగతాదంతా వేడిగా, పొగగా పోతుంది. అలాంటి రైతు ఫోన్‌లోకి ‘డీజిల్ లేకుండా, కరెంటు లేకుండా, జీవితాంతం నడిచే జనరేటర్’ అని ఒక వీడియో వచ్చి పడితే ఆయన దాన్ని మళ్లీ మళ్లీ చూడడంలో వింతేమీ లేదు.

ఆ వీడియోల్లో సరంజామా ఇంచుమించు ఒకటే. ఇనప ఫ్రేము మీద బరువైన చక్రం, ఒక పక్క మోటారు, మరో పక్క ఆల్టర్నేటరు, మధ్యలో బెల్టులు. ముందు గోడ ప్లగ్గు నుంచి కరెంటిచ్చి చక్రాన్ని తిప్పుతారు. వేగం అందుకున్నాక ప్లగ్గు పీకేసి, ఆల్టర్నేటరు నుంచి వచ్చే కరెంటునే మోటారుకు కలుపుతారు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. చెక్క పలక మీద బిగించిన పది బల్బులు వెలుగుతూనే ఉంటాయి. చుట్టూ చేరినవాళ్లు చప్పట్లు కొడతారు. చివర ఫోన్ నంబరు, బుకింగుకు అడ్వాన్సు ఎంతో చెప్పే ఒక మాట.

ఇది కుదిరే పని కాదని చెబితే వెంటనే వచ్చే జవాబు నాకు బాగా తెలుసు. “అంతమంది ఎదురుగా ఆడించి చూపించాడు కదన్నా, మోసమైతే ఒక్కడైనా పట్టుకోడా? చూసినోళ్లందరూ పిచ్చోళ్లా?” చదువుకున్నవాళ్లు ఇదే మాటను ఇంకాస్త గంభీరంగా అంటారు: బహిరంగ ప్రదర్శనను అంత తేలిగ్గా కల్పించలేరు, ఇంజనీర్లూ ప్రొఫెసర్లూ కూడా చూశారు, కాబట్టి అందులో ఏదో ఉండే ఉంటుంది. మన సమాజంలో గట్టిగా పాతుకుపోయిన ఈ నమ్మకం పూర్తిగా తప్పని నేనంటాను. శక్తి యంత్రాల ప్రదర్శనను కల్పించడం సులభం. రెండు వందల ఏళ్లుగా కల్పిస్తూనే ఉన్నారు, పండితుల ఎదుటే కల్పించారు. ఇంకో మాట కూడా అంటాను. ఆడించేవాడు నిజాయితీపరుడైనా సరే, తన చోట, తన పరికరాలతో, తాను చెప్పినంతసేపు చేసి చూపించిన ప్రదర్శన ఏ విషయాన్నీ రుజువు చేయదు.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ పక్క రాష్ట్రంలో ఉంది. తెలుగు రాజులు తరతరాలుగా స్థిరపడిన రాజపాళయం దగ్గర ఇడయంకుళం అనే పల్లె. అక్కడి రామర్ పిళ్లై పెద్దగా చదువుకోలేదు. 1996లో దేశమంతా ఆయన పేరు మారుమోగింది. మూలికల నుంచి పెట్రోలు తీస్తానన్నాడు. ఆకులూ బెరడూ వేసి నీళ్లు మరిగించడం, కాస్త ఉప్పు, నిమ్మరసం, పేరు చెప్పని పొడులు కలపడం, కలియబెట్టి చల్లారనివ్వడం. అరగంట తిరక్కుండానే నీటి మీద నూనె తేలేది. దాన్ని వడగట్టి అంటిస్తే భగ్గున మండేది, మోటారు సైకిల్లో పోస్తే బండి నడిచేది. ఊరి జనం చూశారు, విలేకరులు చూశారు, ఢిల్లీలో శాస్త్ర సాంకేతిక శాఖ పెద్దలూ చూశారు. లీటరు రూపాయో రెండు రూపాయలో పడే ఇంధనం దేశం తలరాత మారుస్తుందని పత్రికలు రాశాయి.

ఆ ద్రవాన్ని ప్రయోగశాలల్లో పరీక్షిస్తే కిరోసిన్ లాంటి హైడ్రోకార్బనేనని తేలింది. చూశారా, శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారని జనం అన్నారు. ఇక్కడే మొత్తం కిటుకు ఉంది. సీసాలో ఉన్నది ఇంధనమా కాదా అన్న ప్రశ్నకు ప్రయోగశాల జవాబు చెప్పింది. అది ఆకుల నుంచి వచ్చిందా, మరెక్కడి నుంచైనా వచ్చిందా అన్నది వేరే ప్రశ్న, దానికి ఆ పరీక్షలో జవాబు లేదు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు అతికించి దేశమంతా సంబరపడింది.

రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే లెక్క వేయాలి. ఆ లెక్క ఇంటర్ చదివే పిల్లలు కూడా వేయగలరు. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగుతుంది, అందులో 630 గ్రాములకు పైగా కార్బనే. నీళ్లలో కార్బన్ లేదు, ఉప్పులో లేదు. నిమ్మరసంలో ఉన్నది లెక్కలోకి రాదు. ఇక మిగిలింది ఆకు. ఎండుటాకు బరువులో సగం కార్బన్ అనుకున్నా, అందులోని ప్రతి అణువూ పెట్రోలుగా మారిపోయిందనుకున్నా, లీటరుకు కనీసం కిలోంబావు ఎండుటాకు కావాలి. పచ్చాకు అయితే నాలుగైదు కిలోలు. ఆయన వేసింది ఆ దరిదాపుల్లో కూడా లేదు. కుండలో వేయని సరుకు కుండలోంచి వచ్చిందంటే, ఎవరికీ కనబడని దారిలో ఎవరో వేశారనే అర్థం. ఆ దారి ఏదో తెలియకముందే ఆ మాట ఖాయంగా చెప్పొచ్చు.

తర్వాత ఆ దారీ తెలిసింది. మద్రాసు ఐఐటీలో గట్టి నిఘా మధ్య ప్రయోగం చేయించినప్పుడు కలియబెట్టే కడ్డీ మీద అనుమానం పడింది. అది లోపల బోలు. అందులో ఇంధనం నింపి కింది కొసను మైనంతో మూశారు. వేడి నీళ్లలో కలియబెడుతుంటే మైనం కరుగుతుంది, లోపలిది బయటికి వస్తుంది, నీళ్లకంటే తేలిక కాబట్టి పైకి తేలుతుంది. అంతే. ఆకులను అందరూ చూశారు, పొడుల గురించి అందరూ అడిగారు, అందరి ముందూ ఆయన చేతిలోనే ఉన్న కడ్డీని ఎవరూ పట్టించుకోలేదు.

ఇంత బయటపడ్డాక కూడా కథ ముగియలేదు. తర్వాతి మూడు నాలుగేళ్లలో చెన్నైలో, చుట్టుపక్కల ఆ మూలికా ఇంధనం పేరుతో అమ్మకాలు సాగాయి, ఏజెన్సీల కోసం జనం డిపాజిట్లు కట్టారు. 2000లో సీబీఐ కేసు పెట్టింది. టొల్యూన్, నాఫ్తా లాంటి పెట్రోలియం సరుకునే కలిపి మూలికా ఇంధనమని అమ్మారని, రెండు కోట్ల రూపాయలకు పైగా రాబట్టారని అభియోగం. 2016 అక్టోబరులో చెన్నై ఎగ్మూరు కోర్టు రామర్ పిళ్లైకి, మరో నలుగురికి మూడేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది. కేసు పెట్టిన నాటి నుంచి విచారణ కోర్టు తీర్పు దాకా పదహారేళ్లు. ఏజెన్సీకి డబ్బు కట్టినవాళ్లు చమురు కంపెనీల ఆసాములు కారు, మనలాంటివాళ్లే. అందుకే నాకు ఈ విషయంలో కోపం.

‘శాస్త్రవేత్తలు ఉన్నారు కదా’ అన్న వాదన విడిగా పరిశీలించదగింది. ప్రొఫెసర్‌కు చదువు ఉంటుంది, కానీ ఆ చదువు ఆయనను మోసానికి సిద్ధం చేయదు. ప్రయోగశాలలో రసాయనం అబద్ధమాడదు, ఉష్ణమాపకం పక్కచూపులు చూడదు. జీవితమంతా అలాంటివాటితో గడిపినవాడు తన ఎదుట నిలబడిన మనిషి చేతి కదలికను అనుమానించడు. ఆ పని గారడీవాడికి తెలుసు. 1988లో ఫ్రాన్సులో బెన్‌వెనిస్ట్ ప్రయోగశాల నుంచి నమ్మశక్యం కాని ఫలితాలు వస్తే, నేచర్ పత్రిక సంపాదకుడు జాన్ మాడక్స్ పరిశీలనకు వెళుతూ తన వెంట జేమ్స్ ర్యాండీ అనే ఇంద్రజాలికుణ్ణి తీసుకుపోయాడు. మన ఊళ్లలో జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు చేతిలో విభూది పుట్టించి, మరుక్షణం ఆ గుట్టు విప్పి చూపించే కార్యక్రమాలు చేసింది ఇందుకే. అవి చూసి పెరిగిన తరం ఇప్పుడు చక్రం తిరిగే వీడియో చూసి చప్పట్లు కొడుతోంది. విభూదికి వేసిన ప్రశ్నే చక్రానికీ వేయాలని మనం వాళ్లకు నేర్పలేకపోయాం.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఒకటి చెబుతాను. 1812లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చార్లెస్ రెడ్‌హెఫర్ అనే ఆయన దానంతటదే తిరిగే యంత్రాన్ని ప్రదర్శనకు పెట్టాడు, చూడ్డానికి డబ్బు వసూలు చేశాడు. నగర పాలకులు పరిశీలకులను పంపితే కిటికీ బయటినుంచే చూడమన్నాడు. ఆ పరిశీలకుల్లో ఒకరి వెంట వచ్చిన కుర్రవాడు పళ్ల చక్రాలను చూసి, పళ్లు అరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు అరిగి ఉన్నాయని గమనించాడు. అంటే ఈ యంత్రం పక్కనున్న యంత్రాన్ని తిప్పడం లేదు, పక్కదే దీన్ని తిప్పుతోంది. గుట్టు బయటపడ్డాక రెడ్‌హెఫర్ న్యూయార్కుకు మకాం మార్చాడు. అక్కడ 1813లో ఆవిరి పడవల ఇంజనీరు రాబర్ట్ ఫుల్టన్ చూడ్డానికి వెళ్లాడు. ఆయన చూడలేదు, విన్నాడు. యంత్రం చప్పుడు ఒక్క తీరుగా లేదు, కాస్త వేగం పెరగడం, కాస్త తగ్గడం. చేత్తో తిప్పే మరకు ఉండే లక్షణమది. యజమానికి అప్పటికప్పుడే సవాలు విసిరి, నష్టం వస్తే తాను కడతానని చెప్పి, యంత్రానికీ గోడకూ మధ్యనున్న సన్నటి బద్దలను పీకించాడు. లోపల పేగు తాడుతో చేసిన బెల్టు. అది గోడలోంచి పై అంతస్తుకు పోయింది. దాని వెంటే పోతే అటక గదిలో గడ్డం పెంచుకున్న ఒక ముసలాయన. ఒక చేత్తో రొట్టె ముక్క తింటూ, రెండో చేత్తో మర తిప్పుతున్నాడు.

అప్పటిదాకా డబ్బు కట్టి చూసినవాళ్లంతా కళ్లున్నవాళ్లే. వాళ్లు చూసింది చూపించినవాడు చూడమన్నదాన్ని. ఫుల్టన్ మాత్రం చూడమనని చోట చెవి పెట్టాడు. అదే ఫిలడెల్ఫియాలో ఆ శతాబ్దం చివర జాన్ కీలీ కొత్త శక్తిని కనిపెట్టానని చెప్పి పాతికేళ్ల పాటు పెట్టుబడిదారులను తిప్పుకున్నాడు. 1898లో ఆయన చనిపోయాక ఇంటి నేలమాళిగలో గాలిని అదిమి నిల్వ చేసే పెద్ద ఇనప గోళం, నేల కింద దాచిన గొట్టాలు దొరికాయి. పాతికేళ్లు! అన్నాళ్లు నిలబడింది కాబట్టి నిజమై ఉంటుందనే వాదనకు కీలీ కథ ఒక్కటే చాలు.

మోసగాళ్ల సంగతి అలా ఉంచండి. నిజాయితీగా పొరబడేవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే వాళ్ల ముఖంలో అబద్ధం కనబడదు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని బడిలో నేర్చుకున్నాం. మోటార్లూ ఆల్టర్నేటర్లూ ఉన్నచోట ఆ రెండూ కలిసి ఎగసి కలిసి పడవు. ఒకటి ముందు, ఒకటి వెనక. అప్పుడు మామూలు మీటరుతో విడివిడిగా కొలిచి గుణిస్తే లేని శక్తి కాగితం మీద పుడుతుంది. కరెంటు బిల్లులో పవర్ ఫ్యాక్టర్ పేరుతో జరిమానా కట్టిన ప్రతి రైస్ మిల్లు యజమానికీ ఈ తేడా జేబుకు తెలుసు. బల్బుల సంగతీ అంతే. ఒకప్పటి పది అరవై వాట్ల బల్బులు ఆరు వందల వాట్లు తాగేవి. ఇప్పటి పది ఎల్ఈడీ బల్బులకు 90 వాట్లు చాలు, కంటికి వెలుగు ఇంచుమించు అంతే. ఒక హార్స్‌పవర్ ఏరేటరుకు కనీసం 746 వాట్లు కావాలి. పలక నిండా బల్బులు వెలిగించిన యంత్రం ఒక్క ఏరేటరు చక్రాన్ని తిప్పలేకపోవచ్చు.

ప్రపంచమంతా తలతిప్పి చూసిన ఇటీవలి ఉదాహరణలోనూ కొలతే అసలు తగువు. 2011 జనవరిలో ఇటలీలోని బొలోన్యాలో ఆండ్రియా రోసీ ‘ఈ-క్యాట్’ అనే పరికరాన్ని ప్రదర్శించాడు. నికెల్ పొడి, హైడ్రోజన్ కలిసి కేంద్రక చర్య జరుగుతుందని, పెట్టిన కరెంటుకు ఎన్నో రెట్ల వేడి వస్తుందని చెప్పాడు. ప్రొఫెసర్ సెర్జియో ఫొకార్డీ పక్కనే ఉన్నాడు, ఆ తర్వాత స్వీడన్ నుంచి భౌతికశాస్త్రవేత్తలు వచ్చి చూశారు. వేడిని ఎలా లెక్కగట్టారు? లోపలికి నీళ్లు పోతాయి, ఆవిరి బయటికొస్తుంది. కిలో నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు కాచడానికి 335 కిలోజౌళ్లు చాలు. అదే కిలో నీటిని మొత్తం ఆవిరి చేయాలంటే ఇంకో 2,257 కిలోజౌళ్లు కావాలి. గొట్టంలోంచి వచ్చేది పొడి ఆవిరా, వేడినీటి తుంపరలు కలిసిన తడి ఆవిరా అన్నది తేల్చకపోతే లెక్క ఏడెనిమిది రెట్లు తప్పవచ్చు. ఆవిరి పొడిగా ఉందని చూపడానికి వాడింది గాలిలో తేమను కొలిచే పరికరం. దానితో ఆ సంగతి తేలదని విమర్శకులు అప్పుడే చెప్పారు. గదిలో ఉన్నవాళ్లకు మాత్రం ఆవిరి కనబడింది, అదే చాలనిపించింది.

తర్వాత అమెరికాలోని ఇండస్ట్రియల్ హీట్ అనే కంపెనీ రోసీకి కోటి డాలర్లకు పైగా చెల్లించింది. మూడేళ్లకు పైగా ప్రయత్నించినా ఆయన చెప్పిన ఫలితాలను నిర్ధారించుకోలేకపోయామని 2016లో ఆ కంపెనీ ప్రకటించింది. మిగతా సొమ్ము ఇవ్వలేదని రోసీ కోర్టుకెక్కాడు, 2017లో రాజీ కుదిరింది. రోసీ మనసులో ఏముందో నేను తీర్పు చెప్పను, ఆ అవసరమూ లేదు. డబ్బు పెట్టి, యంత్రం చేతికి తీసుకుని, సొంతంగా కొలిచినవాళ్లకు ఆ వేడి దొరకలేదు. చూసినవాళ్ల మాటకూ కొలిచినవాళ్ల మాటకూ తేడా వచ్చినప్పుడు కొలిచినవాళ్ల మాటే చెల్లాలి.

చూసి నమ్మడం యంత్రాలకే పరిమితం కాదు. మన తీరంలోనే, 2021 మే నెలలో, కృష్ణపట్నంలో కరోనాకు ఆనందయ్య ఇచ్చిన మందు కోసం వేలమంది బారులు తీరారు. ఆయన డబ్బు అడగలేదు. ఆయన చిత్తశుద్ధిని శంకించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ రోజుల్లో టీవీల ముందు వినబడిన వాదన మాత్రం ఈ యంత్రాల వాదనకు తోబుట్టువే: ఇంతమందికి తగ్గింది కదా, కళ్లతో చూశాం కదా. మందు వేసుకోకుండానే కోలుకున్నవాళ్లు ఎందరు, వేసుకున్నా కోలుకోనివాళ్లు ఎందరు అన్న లెక్క ఎవరి చేతిలోనూ లేదు. ఆ నెలాఖరున కంటి చుక్కలు మినహా కొన్ని మందులు ఇవ్వొచ్చని రాష్ట్ర ప్రభుత్వం అనుమతించినప్పుడు, దీంతో కరోనా నయమవుతుందనడానికి ఆధారం లేదని కూడా చెప్పింది. జనం మొదటి సగమే విన్నారు.

ఇక ‘మోసమైతే ఎలా చేశాడో నువ్వే నిరూపించు’ అనే మాట. వినడానికి న్యాయంగా ఉంటుంది, కానీ ఇది భారాన్ని తలకిందులు చేయడం. ఇనప చక్రం కింది ఫ్రేములో పది కిలోల లిథియం బ్యాటరీ దాస్తే రెండు యూనిట్లకు పైగా శక్తి నిలవ ఉంటుంది. 500 వాట్ల చొప్పున నాలుగు గంటలు ఆడించవచ్చు. ఒక్క వీడియోకు అది ఎక్కువే. బ్యాటరీ కాకపోతే నేల కింద తీగ, తీగ కాకపోతే ఆపి తీసిన వీడియోను అతికించడం. నాకు తెలిసిన దారులు ఇవి. వాళ్లకు తెలిసి నాకు తెలియని దారులు ఇంకెన్నో ఉండొచ్చు. నేను దారి కనిపెట్టలేకపోవడం వాళ్ల యంత్రానికి రుజువు కాదు. రామర్ పిళ్లై కడ్డీ సంగతి తెలియని రోజుల్లో కూడా ఆ పెట్రోలు ఆకుల నుంచి రాలేదు.

చమురు కంపెనీలు తొక్కేశాయనేది మరో మాట. ఈ తీరంలో ఉన్నవాళ్లు ఆ మాట అనకూడదు. మన నేలటూరులో జెన్‌కో వారి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. అందులో 800 మెగావాట్ల యూనిట్ ఒకటి రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే కోటీ 92 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. అందుకు ఓడల్లో, రైళ్లలో బొగ్గు వేల టన్నుల లెక్కన వచ్చి పడాలి, బూడిద చెరువులు నిండాలి, పక్క ఊళ్లు ఆ దుమ్ము భరించాలి. మన శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం-3 రాకెట్ 640 టన్నులు తూగుతుంది. భూస్థిర కక్ష్య దారిలోకి అది చేర్చేది నాలుగు టన్నుల ఉపగ్రహాన్ని. మిగతా బరువులో అత్యధిక భాగం మండి పోవడానికి మోసుకుపోయే ఇంధనమే. దేశానికి కావలసిన ముడి చమురులో 80 శాతానికి పైగా కొని తెచ్చుకుంటున్న ప్రభుత్వం, ఇంధనం బరువుతో కుస్తీ పట్టే ఇస్రో, బొగ్గు కోసం ఎదురుచూసే జెన్‌కో, వీళ్లలో ఎవరికి ఇంధనం అక్కరలేని యంత్రం మీద పగ ఉంటుంది? నిజంగా ఉంటే ఆ యంత్రం కోసం మొదట బారు తీరేది వీళ్లే.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం ఒక్కటే. “చదువులేని పల్లెటూరి మనిషి కనిపెట్టాడు కాబట్టే మీకు లోకువ” అనేది. ఈ మాట వెనక ఉన్న బాధ నిజమైనది. డిగ్రీ లేనివాడిని గుమ్మం బయట నిలబెట్టే అలవాటు మన కార్యాలయాలకు ఉంది. కానీ దానికి జవాబుగా చింతకింది మల్లేశం ఉన్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగింది. పోచంపల్లి చీరకు నూలు చుట్టి ఆసు పోయడానికి తల్లి లక్ష్మి రోజుకు వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశాడు. ఆయన ప్రదర్శన పెట్టి చప్పట్లు అడగలేదు. యంత్రాన్ని నేతగాళ్ల ఇళ్లలో పెట్టాడు. మల్లేశం లేనప్పుడు కూడా ఆ యంత్రం ఆసు పోసింది, చీర పూర్తయింది, ఇంటి ఆడవాళ్ల భుజాలు తెరిపిన పడ్డాయి. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. చదువు లేకపోవడం ఆయనకు అడ్డు కాలేదు, ఎందుకంటే యంత్రం పరాయి చేతుల్లో పనిచేసింది. మల్లేశాన్నీ, అడ్వాన్సు తీసుకుని మాయమయ్యేవాణ్ణీ ఒకే గాటన కట్టడమే పల్లెటూరి ఆవిష్కర్తకు చేసే అసలు అవమానం.

పేటెంటు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. వీడియోల్లో చూపించే కాగితం చాలాసార్లు దరఖాస్తు నంబరే. దరఖాస్తు ఎవరైనా పెట్టుకోవచ్చు. మన పేటెంటు చట్టం 3(ఎ) సెక్షన్ ప్రకారం స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదానికి పేటెంటు ఇవ్వరు. నీళ్లతో కారు నడుపుతానన్న స్టాన్లీ మేయర్ చేతిలో అమెరికా పేటెంట్లే ఉన్నాయి. 1996లో ఒహాయో కోర్టు నిపుణులతో ఆ పరికరాన్ని పరిశీలింపజేసి, అది ఘోరమైన మోసమని తేల్చి, ఇద్దరు పెట్టుబడిదారుల 25 వేల డాలర్లు తిరిగి ఇమ్మంది.

అయితే మనం ఏం అడగాలి? యంత్రాన్ని తూకం వేయమనాలి, అన్నిటికంటే ముందు. కిలో పెట్రోలులో 12 యూనిట్లకు మించి వేడి ఉంటుంది. యంత్రం మొత్తం 20 కిలోలుండి కిలోవాటు చొప్పున ఇస్తుంటే, అది పూర్తిగా పెట్రోలుతో చేసినదైనా పదకొండు రోజులకు మించి రాదు. కాబట్టి పది నిమిషాల వీడియో, పది గంటల ప్రదర్శన కూడా ఏమీ చెప్పవు. నెల రోజులు ఆగకుండా నడిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. అది నడిచేది వాళ్ల షెడ్డులో కాదు, మన గట్టు మీద, మనం పోసిన దిమ్మె మీద. బల్బులకు బదులు మన ఏరేటరే దానికి భారం. మీటరు మనం కొన్నది, సీలు మనం వేసింది, తాళంచెవి మన జేబులోది. కనిపెట్టినాయన ఆ నెల రోజులూ తన ఇంట్లో హాయిగా ఉండొచ్చు. రహస్యం బయటపడుతుందని ఆయన భయపడితే పెట్టె విప్పమని మనం అడగడం లేదు. లోపల ఏముందో చెప్పనక్కరలేదు, బయటికి ఏమొస్తుందో కొలవనిస్తే చాలు. ఈ షరతుకు నిజమైన యంత్రం ఉన్నవాడు ఎందుకు వెనకాడతాడో నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు.

కనుక ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు రైతు సోదరులకు నా విన్నపం ఇది. పంట డబ్బు చేతికొచ్చే రోజుల్లోనే ఈ ఫోన్లు వస్తాయి. అడ్వాన్సు అన్న మాట వినబడగానే, “మా గుంట మీద నెల రోజులు నడిపించు, ముప్పై ఒకటో రోజున మొత్తం రొక్కం ఇస్తా” అనండి. ఒప్పుకోకపోతే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లుంటే సిగ్గుపడి ఊరుకోకండి. రసీదు, మెసేజీలు, ఆ వీడియో దాచిపెట్టి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, పక్క గుంట రైతుకు కూడా చెప్పండి.